కూలిన ప్రతి బిల్డింగుకీ "నాసిరకం సిమెంటు" అనేసి ఊరుకోవడమేనా?

#1 గడప_గుమ్మం
ఎక్కడ బిల్డింగ్ కూలినా ఒకటే మాట, "నాసిరకం సిమెంటు, ఇనుము తక్కువ వేశారు". దాంతో చర్చ ముగిసిపోతుంది. సరుకు అంత చెత్తదైతే కట్టిన ఏడాదికే పడాలి కదా? పదిహేనేళ్లు, ముప్పై ఏళ్లు నిలబడి ఒకరోజు పొద్దున్నే ఎందుకు కూలుతుంది? ఒక్క పిల్లర్ పోతే మొత్తం ఎందుకు నేలమట్టమవుతుంది? కూలేముందు ఏం కనిపిస్తుంది, కనిపిస్తే ఏం చెయ్యాలి? తెలిసినవాళ్లు లెక్కలతో సహా రాయండి. "ఇంజినీరుని అడగండి" అని మాత్రం అనొద్దు. ఇంజినీరుని ఏం అడగాలో తెలియకే ఇక్కడ అడుగుతున్నా.

#2 క్యూబు_150
సిమెంటు మీద పడే నింద చాలాసార్లు తప్పు. బస్తా బాగానే వస్తుంది, పాడుచేసేది నీళ్లు. 50 కిలోల బస్తాకి 25 లీటర్లు పోస్తే నీరు, సిమెంటు నిష్పత్తి 0.5. మాలు కదలట్లేదని ఇంకో 10 లీటర్లు పోస్తే 0.7. ఆ పది లీటర్లకే బలం దాదాపు 40 శాతం పోతుంది. తడి ఇసుకలో దాగిన నీళ్లు వేరే. బస్తాకి 100 కిలోల ఇసుక పడుతుందనుకుంటే, 5 శాతం తడి ఉన్నా 5 లీటర్లు ముందే పోసినట్టు. వాన పడ్డ మర్నాడు అదే డబ్బా కొలతతో నీళ్లు పోస్తే జరిగేది ఇదే.

#3 బరువులెక్క
నీళ్ల సంగతి నిజమే, కానీ గడప_గుమ్మం గారి ప్రశ్న "ఇన్నేళ్లు ఎలా నిలబడింది" అని. దానికి బరువు దగ్గర మొదలుపెట్టాలి.

నాలుగు వైపులా 4 మీటర్ల దూరంలో పిల్లర్లున్న బిల్డింగులో మధ్య పిల్లర్ తీసుకోండి. దాని వాటా 16 చదరపు మీటర్లు. 125 మి.మీ. స్లాబు చదరపు మీటరుకి 310 కిలోలు, ఫ్లోరింగూ ప్లాస్టరింగూ 100, మనుషులూ సామానూ 200. అంటే దాదాపు 10 టన్నులు. ఇప్పుడు గోడలు. 230 మి.మీ. ఇటుక గోడ 3 మీటర్ల ఎత్తుకి, ఒక మీటరు పొడవుకి 1.3 టన్నులు తూగుతుంది. ఆ పిల్లర్ వాటాకి 8 మీటర్ల గోడ వస్తే ఇంకో 10 టన్నులు. బీములు, పిల్లర్ సొంత బరువు 3. మొత్తం అంతస్తుకి 23 టన్నులు. గమనించండి, ఇందులో మనుషుల, సామాను బరువు 3 టన్నులే. మిగతా 20 బిల్డింగు తన బరువే తాను మొయ్యడం.

మూడు స్లాబులకి 69 టన్నులు. భద్రత కోసం ఒకటిన్నర రెట్లు వేస్తే 103. పిల్లర్ 300 × 300, ఎం20 కాంక్రీటు (చదరపు మి.మీ.కి 20 న్యూటన్లు, అంటే సుమారు 2 కిలోలు మోసే రకం), 12 మి.మీ. కడ్డీలు ఎనిమిది అనుకుంటే డిజైన్ లెక్కలో మోయగలిగేది కూడా దాదాపు 103. బొటాబొటిగా సరిపోయింది. ఇప్పుడు "గట్టిగానే ఉందిగా" అని పైన ఇంకో అంతస్తు వేశారు. 92 టన్నులు. ఒకటిన్నర రెట్లంటే 138 కావాలి, ఉన్నది 103.

#4 నీలిగీత
లెక్క బాగుంది కానీ ఒక చోట ఒప్పుకోను. ఆ 103 డిజైన్ బలం, అసలు బలం కాదు. అందులో కాంక్రీటుకీ ఇనుముకీ ముందే కోత పెట్టేశారు. కోతలు తీసేస్తే ఆ పిల్లర్ నలిగేది 165 టన్నుల దగ్గర. 92 మీద పడుతుందని రాస్తే జనం అనవసరంగా భయపడతారు.

#5 బరువులెక్క
@నీలిగీత ఒప్పుకుంటున్నా, 165 సరైనదే. నేను చెప్పదలచుకున్నది కూడా అక్కడికే వస్తోంది. ఆ తేడా ఉండబట్టే అదనపు అంతస్తు వేసిన రోజున ఏమీ జరగదు. "చూశావా, ఏమీ కాలేదు" అంటారు. కానీ ఆ తేడా పై అంతస్తు కోసం దాచింది కాదు. సైటులో జరిగే తప్పుల కోసం దాచింది.

#2లో చెప్పిన నీళ్లు పడి ఎం20 కాస్తా 12 దగ్గర ఆగిందనుకోండి. నలిగే బరువు 165 నుంచి 119కి దిగుతుంది. దాని మీద 92 ఉంది, అంటే 77 శాతం. కాంక్రీటు తన బలంలో సుమారు 80 శాతం మించిన బరువుని ఎల్లకాలం మోయలేదు. లోపల కంటికి కనపడని పగుళ్లు నెమ్మదిగా పెరిగి, నెలలకో ఏళ్లకో నలుగుతుంది. ఇక బరువు సరిగ్గా నడిమధ్య కాకుండా ఓ 40 మి.మీ. పక్కకి దిగినా, ఒక మూల కడ్డీ తుప్పు పట్టినా ఆ మిగిలింది కూడా పోతుంది. "ఒకరోజు పొద్దున్నే" అన్నది ఇలా వస్తుంది.

సింగపూర్‌లో హోటల్ న్యూ వరల్డ్ ఉన్న ఆరంతస్తుల భవనం 1971లో కట్టారు, 1986 మార్చి 15న ఒక్క నిమిషంలోపే కుప్పకూలి 33 మంది పోయారు. విచారణలో తేలిందేమిటంటే, డిజైన్‌లో మనుషుల, సామాను బరువే లెక్కేశారు, బిల్డింగు సొంత బరువు కలపనేలేదు. పైన చెప్పిన లెక్కలో 23కి బదులు 3 రాసుకున్నట్టు. అయినా పదిహేనేళ్లు నిలబడింది.

#6 గడప_గుమ్మం
పదిహేనేళ్లు! ఇప్పుడు కాస్త అర్థమవుతోంది. అయితే నిలబడి ఉండటమే గట్టిదనానికి రుజువు కాదన్నమాట.

#7 పగులుకొలత
కాదు. ముఖ్యంగా పిల్లర్ల విషయంలో. స్లాబు, బీము బరువెక్కువైతే కిందికి వంగుతాయి, పగులుతాయి, తలుపులు పట్టేస్తాయి, చెప్పి మరీ పోతాయి. పిల్లర్ అలా కాదు. నలిగే ముందు అది పొట్టిగా అయ్యేది మీటరుకి 2, 3 మి.మీ.లే. కంటికి ఆనదు.

#8 చువ్వ16
పిల్లర్‌కి ఆ హెచ్చరిక ఇచ్చే గుణం కొంచెమైనా తెచ్చేవి రింగులు, అంటే నిలువు కడ్డీల చుట్టూ అడ్డంగా కట్టే చువ్వలు. వాటి మీదే అందరికీ చిన్నచూపు. నిలువు కడ్డీలు లెక్కపెట్టి చూస్తారు, రింగులు ఎవరూ చూడరు.

రింగు పని నిలువు కడ్డీలని ఆకారంలో పట్టి ఉంచడం ఒక్కటే కాదు. కాంక్రీటు నలిగేటప్పుడు పక్కలకి ఉబ్బుతుంది, ఆ ఉబ్బుని బిగించి పట్టేది రింగే. కొస 90 డిగ్రీలకి వంచి వదిలేస్తే కవరు (కడ్డీల బయట ఉండే కాంక్రీటు పొర) ఊడగానే రింగు విచ్చుకుంటుంది, నిలువు కడ్డీ విల్లులా బయటికి వంగుతుంది, పిల్లర్ అయిపోయినట్టే. కొసలు 135 డిగ్రీలకి లోపలికి వంచి, కనీసం 75 మి.మీ. పొడవు కాంక్రీటు గుండెలో దిగేలా ఉండాలి. పిల్లర్ పైనా కిందా అర మీటరు నుంచి 60 సెం.మీ. దాకా రింగుల మధ్య 100 మి.మీ. దాటొద్దు, చిన్న పిల్లర్‌కైతే 75. వరసగా కొక్కేలన్నీ ఒకే మూలకి పెట్టొద్దు, మూల మార్చుకుంటూ పోవాలి.

ఎక్కువ చోట్ల అసలు రింగులే లేని భాగం ఒకటుంది, బీమూ పిల్లరూ కలిసే జాయింటు. అక్కడ కడ్డీలు కిక్కిరిసి ఉంటాయి, రింగు దూర్చడం కష్టమని వదిలేస్తారు. భూకంపం వస్తే మొదట పగిలేది అక్కడే.

#9 జాకీపలక
కట్టేటప్పుడు కూలేవాటి గురించి నేను చెప్తా, అవి తక్కువేం కాదు.

పచ్చి స్లాబు 150 మి.మీ. ఉంటే చదరపు మీటరుకి 375 కిలోలు, సెంట్రింగ్ 50, మనుషులూ తోపుడు బండ్లూ ఇంకో 150. మొత్తం 575 దాకా. దీన్ని కింది స్లాబు మీద జాకీలు (ఆపుగా నిలబెట్టే ఇనప కాళ్లు) పెట్టి మోయిస్తున్నారు, ఆ కింది స్లాబుని డిజైన్ చేసింది అదనంగా 200 కిలోలకి. పైగా దాని వయసు పది రోజులో పన్నెండు రోజులో. అందుకే కింద కనీసం రెండు అంతస్తుల్లో జాకీలు ఉంచాలి, అవి కూడా పైవాటికి సరిగ్గా కింద, నిలువుగా వరసలో. పై జాకీ కింది రెండు జాకీల మధ్యన దిగితే స్లాబుని పొడిచినట్టు అవుతుంది.

జాకీలు ఎన్నాళ్లు ఉంచాలంటే, మామూలు సిమెంటుకి, చలి మరీ లేని చోట, 4.5 మీటర్ల లోపు స్లాబుకి 7 రోజులు, అంతకన్నా పెద్దదైతే 14. బీము కింద 6 మీటర్ల వరకు 14, దాటితే 21. బూడిద కలిసిన సిమెంటు నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి దానికి ఇంకా పెంచాలి. ఇవి కూడా పైన కొత్త బరువు పెట్టకపోతేనే.

1973 మార్చి 2న అమెరికాలోని వర్జీనియాలో స్కైలైన్ ప్లాజా కడుతుండగా 23వ అంతస్తు దగ్గర జాకీలు ముందే తీశారు. పచ్చి స్లాబుని పిల్లర్లు పొడుచుకుని బయటికొచ్చాయి, పైనుంచి కింద దాకా చీలిపోయింది, 14 మంది పోయారు. 1978 ఏప్రిల్ 27న వెస్ట్ వర్జీనియాలోని విల్లో ఐలండ్‌లో కూలింగ్ టవర్ పని. ముందురోజు పోసిన కాంక్రీటుకే పరంజా బిగించి మరుసటి వరస పొయ్యడం మొదలెట్టారు. 51 మంది పోయారు. రెండుచోట్లా కడ్డీలు, సిమెంటు అన్నీ ఉన్నాయి. లేనిది వయసు.

#10 క్యూబు_150
@జాకీపలక రోజుల లెక్క కన్నా క్యూబు (అదే మాలుతో పోసిన పరీక్ష దిమ్మె) లెక్క నమ్మకం. స్లాబు పోసిన రోజే రెండు మూడు క్యూబులు అదనంగా తీసి, తొట్టిలో కాకుండా ఆ స్లాబు పక్కనే, అదే ఎండకీ చలికీ వదిలేసి ఉంచాలి. జాకీలు తీసే ముందు వాటిని నలగ్గొట్టి చూడాలి. తొట్టిలో 27 డిగ్రీల నీళ్లలో హాయిగా పెరిగిన క్యూబు, చలిగాలిలో ఉన్న స్లాబు సంగతి చెప్పదు.

#11 చువ్వ16
జాకీలు తీసే వరస కూడా రాయండి ఎవరైనా. బాల్కనీలు పడేది అక్కడే.

#12 జాకీపలక
రెండు వైపులా ఆనుకున్న స్లాబుకైతే మధ్య నుంచి మొదలెట్టి అంచులకి రావాలి. బాల్కనీకి, సన్‌షేడ్‌కి తిరగేసి, బయటి కొస నుంచి మొదలెట్టి గోడ వైపుకి. గోడ వైపు ముందు తీసి కొస దగ్గర జాకీ వదిలేస్తే స్లాబు రెండు పక్కలా ఆనినట్టయి మధ్యలో కింది వైపు లాగుతుంది, అక్కడ ఇనుమే ఉండదు.

ఇంకోటి, బాల్కనీ కడ్డీలు పైవైపు ఉండాలి. 120 మి.మీ. స్లాబులో కింద నుంచి 95 మి.మీ. ఎత్తులో ఉండాల్సిన కడ్డీని కాంక్రీటు పోసేవాళ్లు తొక్కితే 65కి దిగుతుంది. బలంలో మూడో వంతు పోయింది. కింద కుర్చీలు పెట్టాలి, అంటే వంచిన కడ్డీ ముక్కలు, మీటరుకొకటి, ఇంకా దగ్గరైతే మంచిది. నడవడానికి పలక విడిగా వెయ్యాలి. కాంక్రీటు పడ్డాక ఇది ఎవరికీ కనపడదు, అందుకే పోసేటప్పుడు పక్కనే నిలబడి చూడాల్సిన పని ఇది.

#13 మట్టిబోరు
అందరూ నేలపైన ఉన్నదాని గురించే రాస్తున్నారు, కింద ఉన్నదీ చూడండి.

పునాది మొత్తం సమానంగా 30 మి.మీ. దిగితే బిల్డింగుకి పెద్దగా నొప్పి ఉండదు. ఒక పిల్లర్ దిగి పక్కది దిగకపోతేనే చిక్కు. 5 మీటర్ల దూరంలో ఉన్న రెండు పిల్లర్ల మధ్య తేడా 10 మి.మీ. లోపు ఉంటే గోడలు కూడా పగలవు. 17 దగ్గర గోడల్లో ఏటవాలు పగుళ్లు మొదలవుతాయి. 33 దాటితే పిల్లర్లకీ బీములకీ దెబ్బ. సగం పూడ్చిన మట్టి మీద, సగం గట్టి నేల మీద కట్టిన వాటిలో, నల్లరేగడి లాంటి ఉబ్బే మట్టిలో ఒక మూల నీళ్ల పైపు కారుతున్న వాటిలో ఇది ఎక్కువ.

పక్కన గొయ్యి తవ్వడం ఇంకా ప్రమాదం. మీ ఫుటింగ్ (పిల్లర్ కింది వెడల్పాటి పునాది దిమ్మె) అడుగు అంచు నుంచి 45 డిగ్రీల ఏటవాలు గీత గీసుకోండి. గొయ్యి ఆ గీత కిందికి వస్తే ఫుటింగ్‌ని మోస్తున్న మట్టినే తీస్తున్నట్టు. అలా తప్పకపోతే ముందు గోతికి ఆపుగోడ, లేదంటే పాత పునాది కింద మీటరు మీటరు ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వి కాంక్రీటు నింపుకుంటూ పోవాలి. ఒకేసారి పొడవునా తవ్వకూడదు.

షాంఘైలో 2009 జూన్ 27న 13 అంతస్తుల కొత్త భవనం అటక మీద నుంచి పెట్టె పడ్డట్టు అలా పక్కకి ఒరిగి పడిపోయింది. పైన ఎక్కడా పెద్దగా విరగలేదు. ఒకవైపు పార్కింగ్ కోసం నాలుగున్నర మీటర్ల లోతు తవ్వి, ఆ మట్టి రెండోవైపు పది మీటర్ల గుట్టగా పోశారు. గుట్ట తోసింది, గొయ్యి అడ్డుకోలేదు, కింద పైల్స్ (భూమి లోతుకి దించిన పునాది స్తంభాలు) విరిగాయి. కాబట్టి గొయ్యి ఒక్కటే కాదు, తవ్విన మట్టి ఎక్కడ పోస్తున్నారో కూడా అడగండి.

#14 పాతగోడ
ఫ్రేమ్ బిల్డింగుల (పిల్లర్లూ బీములూ బరువు మోసేవి) గురించే మాట్లాడుతున్నారు. గోడలే బరువు మోసే పాత ఇళ్లు ఇంకా బోలెడు. వాటిలో పిల్లర్లుండవు, ప్రతి గోడా పిల్లరే. గది పెద్దది చేద్దామని కింది గోడ కొడితే పైనున్నవన్నీ గాల్లో ఉన్నట్టు. తప్పదనుకుంటే ముందు గోడని అడ్డంగా తొలిచి సూదుల్లా ఉక్కు దూలాలు దూర్చి, రెండు పక్కలా జాకీలు పెట్టి, పై బరువు వాటి మీదికి ఎక్కాకే గోడ తియ్యాలి. ఆ తర్వాత బీము, బీము కింద రెండు కొసలా దిమ్మెలు. వానకి తడిసి సున్నం కొట్టుకుపోయిన గోడ మధ్యలో ఉబ్బి కనిపిస్తే దాన్ని కొట్టే మాటే ఎత్తొద్దు, ముందు ఖాళీ చేయించాలి.

#15 గడప_గుమ్మం
ఫ్రేమ్ బిల్డింగులో అయితే గోడ తీసెయ్యొచ్చా మరి? "అది ఉత్త పార్టిషన్" అంటుంటారు.

#16 బరువులెక్క
నిలువు బరువుకి అది నిజం. అడ్డంగా ఊగేటప్పుడు కాదు. పై అంతస్తులన్నిటికీ గోడలుండి కింద పార్కింగ్ కోసం ఖాళీగా వదిలితే పైన బిగుసుకున్న పెట్టె, కింద సన్నటి కాళ్లు. భూకంపానికి ఊగుడంతా ఆ ఒక్క అంతస్తులోనే. 2001 జనవరి 26 భుజ్ భూకంపానికి ఎంతో దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి కింద ఇలాగే ఖాళీ. కింది అంతస్తు పిల్లర్లని ఆ లెక్కతో పెద్దవి చెయ్యాలి, లేదా కొన్ని వరసల్లో పునాది నుంచి పైదాకా కాంక్రీటు గోడలు ఇవ్వాలి.

#17 తుప్పుమరక
#5లో "ఒక మూల కడ్డీ తుప్పు పట్టినా" అని ఒక్క ముక్కతో పోనిచ్చారు, అది పెద్ద విషయం.

కాంక్రీటులో ఉన్నంతసేపు ఇనుముకి తుప్పు పట్టకపోవడానికి కారణం ఆ క్షార గుణం. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏటా కొంచెం కొంచెం లోపలికి దిగుతూ ఆ గుణాన్ని చంపుకుంటూ పోతుంది. ఎంత లోతుకి దిగుతుందన్నది కాలం వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. అంటే 40 మి.మీ. కవరు దాటడానికి 60 ఏళ్లు పడితే, 20 మి.మీ. దాటడానికి 30 కాదు, 15 ఏళ్లే. కవరు సగమైతే ఆయుష్షు పావు. కవరు బ్లాకు బదులు కంకర రాయి పెట్టి కడ్డీ ఎత్తేవాళ్లకి ఈ లెక్క తెలియాలి. ఆ రాయి జారితే కడ్డీ సెంట్రింగ్ రేకుకి ఆనుకుంటుంది, సెంట్రింగ్ తీయగానే గీత కనపడుతుంది, దాన్ని ప్లాస్టరింగ్‌తో కప్పేస్తారు. కవరు స్లాబుకి 20, బీముకి 25 నుంచి 30, పిల్లర్‌కి 40, ఫుటింగ్‌కి 50 మి.మీ.

తుప్పు పట్టిన ఇనుము రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బుతుంది. ముందు కడ్డీ వెంబడి పగులు, తర్వాత గోధుమరంగు మరక, ఆ తర్వాత పెచ్చులు. పెచ్చు ఊడిన చోట ఊరికే సిమెంటు పూస్తే తుప్పు లోపల నడుస్తూనే ఉంటుంది. కడ్డీ వెనక వేలు పట్టేంత దాకా కాంక్రీటు తొలిచి, మెరిసేదాకా గీకి, సన్నబడ్డ కడ్డీకి పక్కన కొత్తది జత చేసి, అప్పుడు మరమ్మతు మాలు. అన్నిటికన్నా ముందు ఆ నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో అక్కడ ఆపాలి.

ఫ్లోరిడాలో సర్ఫ్‌సైడ్ దగ్గర 1981 నాటి 12 అంతస్తుల చాంప్లైన్ టవర్స్ సౌత్ 2021 జూన్ 24 రాత్రి సగం కూలి 98 మంది చనిపోయారు. ముందు కూలింది ఈతకొలను పక్కనున్న డెక్, కొన్ని నిమిషాల తర్వాత టవర్. ఆ డెక్ మీద నీళ్లు నిలుస్తున్నాయని, కింద స్లాబు దెబ్బతిందని 2018లోనే ఇంజినీరు నివేదిక ఇచ్చారు.

#18 నీలిగీత
తుప్పు ఒక్కటే దాన్ని కూల్చిందని అనుకోకూడదు. పిల్లర్ల చుట్టూ స్లాబు బలం, పైన తర్వాత వేసిన మట్టి, టైల్స్ బరువు కూడా చూడాలి. బీములు లేని ఫ్లాట్ స్లాబుల్లో పిల్లర్ స్లాబుని పొడుచుకుని పైకి రావడమే పెద్ద భయం. ఒక చోట పొడిస్తే ఆ బరువు పక్క పిల్లర్ల మీదికి పోతుంది, అవీ పొడుస్తాయి, జిప్ తీసినట్టు. కింది వరసలో రెండు దిశల్లోనూ కనీసం రెండేసి కడ్డీలు తెగకుండా పిల్లర్ లోపల్నుంచి అవతలికి పోతే, పొడిచినా స్లాబు ఊయలలా వేలాడుతుంది, కింది అంతస్తు మీద పడదు. ఖర్చు నాలుగు కడ్డీ ముక్కలు.

సియోల్ సంపూంగ్ స్టోర్ సంగతీ ఇదే. 80 సెం.మీ. ఉండాల్సిన పిల్లర్లు 60కి తగ్గించారు, నాలుగంతస్తులకని వేసిన ప్లాను మీద ఐదోది ఎక్కించారు, 1993లో పైకప్పు మీది ఏసీ యూనిట్లని క్రేనుతో ఎత్తకుండా రోలర్ల మీద ఈడ్చారు. 1995 జూన్ 29న పొద్దున్నుంచి ఐదో అంతస్తులో పగుళ్లు విచ్చుకుంటూనే ఉన్నాయి. ఆ అంతస్తులో కొంతభాగం మూసి కింద అమ్మకాలు నడిపారు. చివరికి కూలి 502 మంది పోయారు.

#19 పాతగోడ
ఆ చివరి రెండు వాక్యాలు చదివితే గుండె తరుక్కుపోతోంది. పొద్దున్నుంచి టైముంది.

#20 పగులుకొలత
బంగ్లాదేశ్‌లో రానా ప్లాజాదీ అంతే. 2013 ఏప్రిల్ 23న పిల్లర్లలో పగుళ్లు కనపడ్డాయి, కింద ఉన్న బ్యాంకు మూసేసి సిబ్బందిని పంపేసింది. గార్మెంట్ కార్మికుల్ని మర్నాడు రమ్మన్నారు. పొద్దున కరెంటు పోయి పైన జనరేటర్లు వేశాక కూలింది, 1,134 మంది. ఒకే పగులు, ఒకరు నమ్మారు, ఒకరు నమ్మలేదు.

అందుకే ఏ పగులు ఏం చెప్తుందో రాస్తున్నా.

ప్లాస్టరింగ్ మీద సాలెగూడులా సన్నగా ఉన్నవి ఏమీ కాదు. గోడకీ పిల్లర్‌కీ మధ్య నిలువు గీత కూడా మామూలే, రెండు వేరు వేరు సరుకులు. గోడ మూల నుంచి ఏటవాలుగా మెట్లలా పోతూ ఒక కొస వెడల్పుగా ఉంటే పునాది దిగుతోంది. బీము మధ్యలో కింది నుంచి నిలువుగా పైకి పోయేది 0.3 మి.మీ. లోపు ఉంటే గమనిస్తే చాలు. అదే బీము పిల్లర్‌ని చేరే చోట 45 డిగ్రీల ఏటవాలు పగులైతే వెంటనే చూపించాలి, అది ఒక్కసారిగా తెగే రకం. ఫ్లాట్ స్లాబు పైన పిల్లర్ చుట్టూ గుండ్రంగా పగులొస్తే పొడుచుకుని వస్తున్నట్టు. పిల్లర్ మీద నిలువు పగుళ్లు, అంచులు పెచ్చులుగా ఎగరడం, కడ్డీ బయటికి విల్లులా వంగడం కనపడితే కొలిచే పనే లేదు, అందరూ బయటికి.

నెమ్మదిగా ఉన్న పగులుకి మాత్రం కొలత పెట్టండి. అడ్డంగా పెన్సిల్ గీత, రెండు కొసలా తారీఖు. పగులు మీద సన్నటి గాజు పలక రెండు పక్కలా అంటిస్తే, కదిలినప్పుడు పటుక్కుమంటుంది. కొలిచేది రోజూ ఒకే వేళకి, ఎందుకంటే ఎండకి పగుళ్లు తెరుచుకుని మూసుకుంటుంటాయి. వెడల్పు ఎంతన్నది కాదు, పెరుగుతోందా లేదా అన్నది ప్రశ్న.

#21 గడప_గుమ్మం
సుత్తి లాంటి పరికరంతో టకటకా కొట్టి "బలం బాగుంది" అని కాగితం ఇస్తారు కదా, దాన్ని నమ్మొచ్చా?

#22 క్యూబు_150
ఒక్కదాన్నే నమ్మొద్దు. అది పైపొర గట్టిదనం చెప్తుంది. ఏళ్లు గడిచి కార్బొనేషన్ (#17లో చెప్పిన కార్బన్ డయాక్సైడ్ పని) అయిన కాంక్రీటు పైపొర అసలు కన్నా గట్టిగా వినిపిస్తుంది, పాత బిల్డింగు బాగున్నట్టు చూపిస్తుంది. దానితో ఎక్కడ అనుమానముందో వెతకండి, అక్కడ కోర్ (గుండ్రంగా తొలిచి తీసే కాంక్రీటు ముక్క) తియ్యండి. కనీసం మూడు కోర్లు, సగటు కావాల్సిన బలంలో 85 శాతం, ఏ ఒక్కటీ 75కి తగ్గకూడదు. కోర్ తీసే ముందు కడ్డీ ఎక్కడుందో స్కాన్ చేసుకోవాలి, పిల్లర్ కడ్డీ తెగితే మనమే దెబ్బకొట్టినట్టు. పిల్లర్‌లో అడుగు భాగం చూడండి. మూడు మీటర్ల పైనుంచి మాలు గుమ్మరిస్తే కంకర విడిపోయి అడుగున తేనెపట్టులా బొక్కలు పడతాయి. మీటరున్నర మించి కాంక్రీటుని పడనివ్వకూడదు.

#23 నీలిగీత
అడగాల్సినవాటిలో ఇంకోటి చేర్చండి: "డ్రాయింగ్‌లో ఉన్నట్టే కట్టారా, మారిస్తే ఎవరు లెక్కేశారు?" అమెరికాలో కాన్సస్ సిటీ హయత్ రీజెన్సీ హోటల్లో పైకప్పు నుంచి వేలాడే నడవాలు రెండు, నాలుగో అంతస్తుది పైన, రెండోది దాని కింద. డ్రాయింగ్‌లో ఒకే పొడవాటి రాడ్ రెండిటిలోంచి పోతుంది. అంత పొడవునా మరలు కొయ్యడం కష్టమని రెండు రాడ్లు చేశారు, కిందిది పై నడవాకే తగిలించారు. అంతే, పై నడవా బీము కింద ఉన్న నట్టు ఒక నడవాకి బదులు రెండు మొయ్యాల్సి వచ్చింది. అసలు డిజైనే నిబంధనలు అడిగే బలంలో 60 శాతం దగ్గరుంది. 1981 జూలై 17న రెండూ కూలి 114 మంది పోయారు.

#24 బరువులెక్క
ఒకటి పోతే అన్నీ ఎందుకు పోతాయన్న #1 ప్రశ్నకి జవాబు ఇంకా మిగిలింది. లండన్ రోనన్ పాయింట్, 22 అంతస్తులు, 1968 మే 16న 18వ అంతస్తులో గ్యాస్ పేలి ఒక గోడ పలక బయటికి పడింది. ఆ మూల పైనుంచి కింద దాకా మొత్తం రాలిపోయింది, నలుగురు పోయారు. పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినవే తప్ప ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నవి కావు. పట్టు ఉండాలంటే బీము కింది కడ్డీలు పిల్లర్ దగ్గర ఆగిపోకుండా దాటి పోవాలి, ల్యాపులన్నీ (రెండు కడ్డీలు పక్కపక్కన జతకలిసే చోట్లు) ఒకేచోట పడకూడదు, పిల్లర్ ల్యాపు స్లాబు మీదే కాకుండా ఎత్తు మధ్యలో ఉండాలి. అప్పుడు ఒక పిల్లర్ పోయినా పక్కవి కాసేపైనా పంచుకుంటాయి, జనం దిగడానికి టైము దొరుకుతుంది.

#25 గడప_గుమ్మం
పిల్లర్ బలహీనమని తేలింది, ఇంకా పడలేదు. చుట్టూ కొత్త కాంక్రీటు తొడిగితే సరిపోతుందా?

#26 చువ్వ16
తొడుగు సరిగ్గా వేస్తే పనిచేస్తుంది. చుట్టూ కనీసం 100 మి.మీ., కొత్త నిలువు కడ్డీలు స్లాబుకి రంధ్రాలు పెట్టి పై అంతస్తులోకి, కింద ఫుటింగ్‌లోకి దిగాలి. స్లాబు కింద ఆగిపోతే అది అలంకారమే. పాత ముఖాన్ని గరుకుగా చెక్కాలి. ఫుటింగ్ సరిపోతుందో లేదో ముందే చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, తొడిగే ముందు పైబరువు జాకీల మీదికి ఎక్కించాలి. లేకపోతే పాత బరువంతా పాత పిల్లరే మోస్తూ ఉంటుంది, తొడుగు రేపు వచ్చే బరువు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

#27 జాకీపలక
జాకీలంటే నాలుగు కాదు. మామూలు ఇనప జాకీ 3 మీటర్ల ఎత్తులో సుమారు 2 టన్నులు మోస్తుంది. #3లో పిల్లర్ మీద 69 టన్నులు, అంటే దానొక్కదానికే 35 జాకీలు. అవి కూడా బీముల కింద, స్లాబు కింద కాదు. ప్రతి అంతస్తులో, ఒకదాని కింద ఒకటి, అడుగున మందపాటి పలక, గట్టి నేల దాకా. ఇంత పని పిల్లర్ ఇంకా నిమ్మళంగా ఉన్నప్పుడే చెయ్యగలరు. కడ్డీ వంగిన పిల్లర్ పక్కన జాకీ నిలబెట్టడానికి మనిషిని పంపకూడదు.

#28 గడప_గుమ్మం
చివరిగా ఒక్కటి. కడ్డీ వంగింది, అందరూ బయటికొచ్చేశారు. పైనున్న ట్యాంకు ఖాళీ చేస్తే బరువు తగ్గుతుంది కదా, ఎవరైనా పైకెళ్లి తిప్పి రావచ్చా?

#29 బరువులెక్క
వద్దు. 5 వేల లీటర్ల ట్యాంకు 5 టన్నులు, అది కూడా నాలుగు పిల్లర్లకి పంచుకుంటే ఒక్కోదానికి టన్నుంపావు. 69లో టన్నుంపావు. బయటి నుంచే తిప్పగలిగే వాల్వు కిందుంటే తిప్పండి, మోటారు స్విచ్ బయటుంటే ఆపండి, గ్యాస్, కరెంటు వీధి వైపు నుంచి కట్టించండి. ఎత్తుకి ఒకటిన్నర రెట్లు దూరం దాకా అందర్నీ జరపండి, పక్క బిల్డింగువాళ్లని కూడా. సామాను కోసం, కాగితాల కోసం, ట్యాంకు కోసం లోపలికి ఎవర్నీ పోనివ్వొద్దు.